కుండటోపీ సిపాయి వార్తలు

అమెరికాలో సినిమాలు తీసేవాళ్ళు మా ప్రొద్దుటూరు దర్జీ మాట విని ఒక సిపాయి జేబు చోటు మార్చారు. దీనికి నేనే సాక్షిని.

సరే, మాట విని అన్నది నేను కలిపింది. అతని మాట అంత దూరం పోలేదు, పోయే దారీ లేదు. జేబు మారిందన్నది మాత్రం కలిపింది కాదు.

పోయిన వారం పులివెందులలో కూతురింట్లో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని చాప మీద ఒరిగితే, మా అమ్మాయి తన ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. "నాయనా, మీ సిపాయి బొమ్మల సినిమా మళ్ళా తీస్తాండారంట, సూడు" అంది. చూశాను. బాంబులు తీసే సిపాయి ఒంటి మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. తల మీద కుండ బోర్లించినట్టుండే ఇనుప టోపీ. కుడి తొడ మీద పొడుగాటి జేబు, అందులో తీగెలు కత్తిరించే పట్టుకారు. చాప మీద నుంచి ఎగిరి లేచాను. నా మోకాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతారు గనక ఒప్పుకుంటున్నాను, గోడ పట్టుకుని లేచాను. ప్రొద్దుటూరు దర్జీకి ఫోను చేద్దామని పేరు వెతికి, వేలు పెట్టబోయేటప్పుడు గుర్తొచ్చింది. ఆ పేరు గల మనిషి పోయి నాలుగు నెలలయింది.

మొదటి సినిమాలో ఆ జేబు ఎడమ రొమ్ము మీద పెట్టడం తప్పని ప్రపంచంలో అందరికంటే ముందు చెప్పినవాడు అతనే. ప్రపంచంలో అంటే, బస్టాండు వెనక సందులో.

నేను ముప్పై ఏళ్ళు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య బస్సుల్లో టికెట్లు కొట్టినవాణ్ణి. అతను ఆ సందులో ఖాకీ బట్టలు కుట్టేవాడు. పోలీసులకు, కండక్టర్లకు, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ వాచ్‌మెన్లకు అందరికీ అతని మిషనే. సొంతూరు మైలవరం. నన్ను మామా అనేవాడు, నేను అల్లుడూ అనేవాణ్ణి. అతను నమాజుకు పోయేవాడు, నేను ఎక్కడికీ పోయేవాణ్ణి కాదు. అయినా మా వరసకు ఏ ఇబ్బందీ రాలేదు.

కువైట్‌లో ఒక యూనిఫారాల దుకాణంలో ఎనిమిదేళ్ళు కుట్టి వచ్చాడు. అక్కడి నుంచి వచ్చేవాళ్ళు కంబళ్ళు తెస్తారు, అత్తరు తెస్తారు, ఖర్జూరాలు తెస్తారు. ఇతను ఒక అట్టపెట్టె నిండా జానెడు జానెడు ప్లాస్టిక్ సిపాయిలను తెచ్చాడు. దుకాణం యజమాని పిల్లలు పెద్దవాళ్ళయి పారేస్తుంటే అడిగి తీసుకున్నాడట. పెట్టె అడుగున ఆ సిపాయిల కథల పుస్తకాలు, అన్నీ ఇంగ్లీషువి. ఇంటికి వచ్చి పెట్టె విప్పితే అతని భార్య ఒక్కటే మాట అనిందట: "యుద్ధానికి పోయినోడు గూడా ఇంతమందిని ఎంటబెట్టుకొని రాడు."

ఆ బొమ్మలకు ఇంగ్లీషు పేరు ఒకటుంది. మా బజారులో ఎవరి నోరూ తిరగక సిపాయి బొమ్మలనే అనేవాళ్ళం. మొదట బొమ్మలు చేసి, వాటి మీద పుస్తకాలు వేసి, పుస్తకాల మీద సినిమాలు తీస్తారట. మంచి సైన్యం ఒకటి, దానికి ఎదురు తేళ్ళ గుర్తు సైన్యం ఒకటి. ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు. "రాజీ చేసే పెద్దమనిషే లేడా అప్పా ఆ దేశంలో?" అని ఎదురుగా ఉండే టీకొట్టు మామ అడిగేవాడు. "రాజీ అయితే బొమ్మలు ఎవురు కొంటారు మామా" అని అతను.

అందరిలోకీ అతనికి ప్రాణం ఆ బాంబులు తీసే సిపాయి. మొహం కనపడదు, కుండ లాంటి టోపీ గడ్డం దాకా ఉంటుంది. అందుకని కుండటోపీ అని పేరు పెట్టాడు. ఎందుకు అతనే ఇష్టమని ఒకసారి అడిగాను. "మన పక్క బాంబులు ఏసేటోళ్ళను శానామందిని సూసినాం మామా. తీసేటోణ్ణి ఒక్కణ్ణన్నా సూసినామా?" అన్నాడు.

అతని నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. పెదవుల ఒక మూల సూదులు, రెండో మూల మాటలు. మెడలో టేపు. ఎవరు కనపడినా ముందు భుజాలు చూసి, తర్వాత మొహం చూసేవాడు. నడుము దగ్గర రబ్బరు తెగిన సిపాయి బొమ్మ ఉంటే లాగుల ఎలాస్టిక్కు సన్నగా చీల్చి లోపల బిగించి నిలబెట్టేవాడు. సినిమాను అతను చూసే పద్ధతి వేరు. అందరం పేలుళ్ళు చూస్తాం, అతను కుట్లు చూస్తాడు. మొదటి సినిమాలో కుండటోపీ పట్టుకారు జేబు రొమ్ము మీద పెట్టారని మూడు నెలలు అన్నం సరిగా తినలేదు. మూడు రోజులు. ఒక పూట తినలేదన్నది ఖాయం. "వంగితే పట్టుకారు గొంతులో పొడుస్తాది గదా మామా! పుస్తకంలో తొడ మీద సక్కంగ ఉంటే, సినిమాలో ఏ కత్తెర పట్టనోడు పైకి లాగినాడో!"

ఆ కోపాన్ని గిరాకీల మీద తీర్చుకునేవాడు. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక కానిస్టేబులుకు అడగకుండానే తొడ మీద పొడుగు జేబు కుట్టేశాడు.

"ఇదేంది అప్పా?" అన్నాడు కానిస్టేబులు.

"రేప్పొద్దున ఏదన్నా బాంబు తీయాల్సొస్తే, సారూ?"

"నేను ట్రాఫిక్కులో ఉండా!"

"ఐతే ఈల పెట్టుకో."

కానిస్టేబులు ఆ జేబులో ఈలే పెట్టుకున్నాడు. తర్వాత ఇంకో నలుగురు అదే జేబు కావాలని వచ్చారు. జిల్లా అంతా వచ్చారని రాద్దామనుకున్నాను గానీ నలుగురే.

అంగడి తలుపులో ఎడమ చెక్కకు నల్లరంగు వేయించి, పైన తెల్లగా "సిపాయి వార్తలు" అని రాయించాడు. దాని కింద దర్జీ సుద్దతో, నీలం రంగుతో, రోజూ కాదు గానీ వారానికి రెండుసార్లు వార్త రాసేవాడు. కొత్త పుస్తకం వచ్చింది. కార్టూను మళ్ళీ మొదలవుతుంది. సినిమాలో తేళ్ళ సైన్యం నాయకుడి వేషం ఫలానావాడికి ఇచ్చారు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత టీకొట్టు దగ్గర వాదాలు మొదలయ్యాయి. వాదం ఎక్కువైతే టీకొట్టు మామ గరిటె ఎత్తి చెక్క వైపు చూపించేవాడు. "ఆడ రాసినాడా? రాసుంటే నిజం. ల్యాకుంటే గమ్మునుండండి."

అతనికి కావలసిందీ అదే. అతనికి ఇల్లుందా, స్థలముందా అని ఎవరూ అడగలేదు. ఆ చెక్క మీద అబద్ధం పడదన్న పేరొకటే అతని ఆస్తి. ఒకసారి రాసినదాన్ని దిద్దేవాడు కాడు. "గుడ్డ మీద కత్తెర పడినాక మళ్ళా అతుక్కుంటాదా? ముందే నిదానంగా కొలుసుకోవల్ల" అనేవాడు.

అప్పటికి ఎవరికీ తెలియని సంగతి ఒకటి. అతనికి ఇంగ్లీషు రాదు. కువైట్‌లో ఉండి వచ్చాడు గనక ఇంగ్లీషు వచ్చని బజారు తనంతట తానే నమ్మింది, అతను కాదనలేదు. అక్కడ అతను నేర్చుకున్నది అరబ్బీలో కొలతలు మాత్రమే. అందుకని మధ్యాహ్నం గిరాకీలు లేని వేళ నన్ను లోపలి బల్ల మీద కూర్చోబెట్టి, ఫోనులో ఆ సిపాయిల అభిమానులు రాసుకునే వార్తలు తీసి, "సదువు మామా" అనేవాడు. తిన్నావా లేదా అని కూడా అడగడు. వార్త ఏమన్నా ఉందా, అంతే.

నేను బీయే చదివినవాణ్ణి. అంటే బీయేలో చేరినవాణ్ణి. చేరడానికి దరఖాస్తు పెట్టుకున్నాను. బస్సులో ఇంగ్లీషు పేపరు చదివేవాళ్ళ భుజం మీదుగా చూసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. ఒక వార్తలో సగం అర్థమైతే మిగతా సగం నేనే అల్లేవాణ్ణి. సినిమా ఆలస్యం అని ఉంటే, "డైరెక్టరును ప్రొడ్యూసరు చెంప మీద కొట్టినాడంట, ఈయప్ప అలిగి ఊరికి పోయినాడంట" అని చదివేవాణ్ణి. అతను తలూపుతూ వినేవాడు. చెక్క మీద మాత్రం "సినిమా ఆలస్యం" అని రెండు ముక్కలే రాసేవాడు. నా అంత మంచి చెంపదెబ్బ ఎక్కడ పోయిందని నాకు బాధగా ఉండేది.

ఒక ఎండాకాలం వార్తలు ఎండిపోయాయి. నెల దాటింది. చెక్క మీద పాత వార్త వెలిసిపోయి ఉంది. టీకొట్టులో ఎవరూ అటు తలెత్తడం లేదు. అతను మిషను ముందు కూర్చుని ఒకే కాలరును విప్పి కుట్టి, విప్పి కుట్టి చేస్తున్నాడు. నాకు ఏమీ తోచలేదు. ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాను.

"అల్లుడూ, వచ్చింది వార్త."

"ఏంది మామా?"

"కుండటోపీ పోయినాడంట."

"యాడికి?"

"ఇంగ యాడికి! సచ్చిపోయినాడు. కొత్త పుస్తకంలో. వంతెన కింద బాంబు పెట్టినారంట. పైన బడి బస్సు పోతాందంట. పిల్లోళ్ళను కాపాడి తను పోయినాడు."

అతను మిషను ఆపాడు. నోట్లో సూదులను ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. "పిల్లోళ్ళకు ఏం కాలేదు గదా?" అన్నాడు. లేదన్నాను. లేచి తలుపులు మూశాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ నా వార్త ఒకటి మొదటిసారి పూర్తిగా, ఏ ముక్కా తెగకుండా లోపలికి పోయింది. ఆ సంతోషంలో ఇంటికి పోయి నిద్రపోయాను.

మర్నాడు పొద్దున సందు మొగదాల ఇరవై అడుగుల ఫ్లెక్సీ. పది అడుగులది. మధ్యలో కుండటోపీ నిలువెత్తు. పైన "వీర సిపాయికి అశ్రునివాళి". మన పక్క ఫ్లెక్సీ అంటే కింద వరసగా చిన్న గుండ్రాల్లో సంతాపం చెప్పేవాళ్ళ ఫొటోలు ఉండాలి గదా, అవీ ఉన్నాయి. మొదటి గుండ్రంలో అతను, రెండో దాంట్లో టీకొట్టు మామ, మూడో దాంట్లో నేను. నా పాత గుర్తింపు కార్డు ఫొటో, నల్లజుట్టుతో. చెక్క మీద నీలం సుద్దతో: "కుండటోపీ మరణించాడు. బడిపిల్లలను కాపాడి."

సందు బయట నుంచి చూసినవాళ్ళకు ఆ చెక్క కనపడదు, ఫ్లెక్సీ ఒకటే కనపడుతుంది. ఎవరో దాని ఫొటో తీసి పంపారు. మైలవరం దర్జీ సాయబు వాళ్ళ చుట్టం అట, సైన్యంలో పోయాడట అని మాట నడిచింది. మొహం కనపడకపోవడం జనానికి ఏమీ అనుమానం కాలేదు. "కమాండోనంట. వాళ్ళు మొగం సూపీగూడదంట" అని తమకు తామే చెప్పుకున్నారు.

పది గంటలకల్లా ఐదువేల మంది. ఐదొందల మంది అనుకోండి. టీకొట్టు మామ గ్లాసులు లెక్కపెట్టి డెబ్బై అన్నాడు, ఆయన మాటే సరి. మైలవరం నుంచి రెండు ఆటోలు వచ్చాయి. చిలమకూరు వాచ్‌మెన్లు డ్యూటీ దిగి యూనిఫారాల్లోనే వచ్చి, అతను కుట్టిన చొక్కాల్లో, ఫ్లెక్సీ ముందు వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. అతను భుజాల కుట్లు చూసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. జనమంతా కుండటోపీ కోసమే వచ్చారని అతని నమ్మకం. బజారు ఇన్నాళ్ళకు తన సిపాయిని గుర్తించిందని.

ఇంతలో మైలవరం వైపు పెద్దమనిషి ఒకాయన తెల్లచొక్కాతో, వెనక నలుగురితో దిగాడు. ఫ్లెక్సీకి మాల వేసి అతని చేయి పట్టుకున్నాడు.

"సరిహద్దులోనా అప్పా?"

"వంతెన కాడ, మామా."

"ఎన్నేళ్ళు సర్వీసు?"

"ముప్పై ఏళ్ళ పైన."

"అంత వయసైనా బాంబు తీయనీకి పోయినాడా! మగోడు!" అని పెద్దమనిషి జనం వైపు తిరిగి, "ఈ సందులోనే విగ్రహం పెట్టిస్తా" అని ప్రకటించాడు. చప్పట్లు. "ఇంట్లోవాళ్ళు యాడుండారు? ఒకసారి సూపీ."

చూపించమన్నది సిపాయినే అనుకుని అతను లోపలికి పోయి, నల్ల మఖమలు గుడ్డ మీద ఆ జానెడు సిపాయిని పడుకోబెట్టి, రెండు చేతులతో తెచ్చి చూపించాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను పెంచి రాయను. పెంచాల్సిన అవసరం లేదు.

పెద్దమనిషి బొమ్మను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, తను వేసిన మాలను చూశాడు. వాచ్‌మెన్లలో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత ఆటోల వాళ్ళు. పెద్దమనిషి కూడా నవ్వును మీసం కింద దాచుకోలేకపోయాడు. "సరేలే, ఎవురైతేనేం, పిల్లోళ్ళను కాపాడినాడు గదా" అన్నాడు. అంతటితో అయిపోయేది. కానీ అక్కడ ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు అయ్యవారు ఒకాయన ఉన్నాడు, డిగ్రీ కాలేజీలో చెప్తాడు. ఆయన ఫోను చూస్తూ గట్టిగా అన్నాడు:

"ఈయప్ప సచ్చింది యాడ? బాగనే ఉండాడే! వచ్చే నెల ఈయప్ప మీదే కొత్త పుస్తకం వస్తాందంట!"

అతని మొహంలో ముందు వెలుగు వచ్చింది. సిపాయి బతికే ఉన్నాడు. తర్వాత చెక్క వైపు చూశాడు, ఆ వెలుగు పోయింది. బొమ్మ కోసం ఏడ్చాడని నవ్విన నవ్వు అతనికి తగల్లేదు. "అంటే ఆడ రాసింది అబద్ధమా?" అని టీకొట్టు మామ అడిగాడు చూడండి, అది తగిలింది. అతను నా వైపు చూశాడు. నేను బస్టాండు వైపు చూశాను, పులివెందుల బస్సు ఇంకా రాలేదేమని.

అతను స్టూలు ఎక్కాడు. "తప్పు నాదే. నేనే సరిగ్గా సదవల్యా" అన్నాడు. జనం వెళ్ళిపోయారు.

సాయంత్రం అంగట్లోకి పోయి ఎదురుగా కూర్చున్నాను. నోటి నిండా సూదులు ఉన్నాయి. నేనే చెప్పాను.

"అల్లుడూ, అది ఫోన్లో లేదు. నేను కల్పించి చెప్పినా."

సూదులు తీశాడు. "నువ్వు కలిపేది నాకు తెలియదా మామా? నువ్వు ఏం చెప్పినా రెండంగుళాలు లోపలికి మడిచి కుడతా వస్తాండా ఇన్నేళ్ళూ."

"మరి దీన్ని యాంటికి మడవలేదు?"

"సావు సంగతిలో ఎవురన్నా కలుపుతారా అనుకొన్యా."

డెబ్బై ఏళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. టికెట్టు చిల్లర దగ్గర జమ్మలమడుగు దాకా తిట్టినవాళ్ళున్నారు. ఇంత మెత్తగా ఎవరూ తిట్టలేదు.

పొద్దున్నే టీకొట్టు ముందు నిలబడి అందరూ వినేలా చెప్పాను. వార్త చదివింది నేను, అబద్ధం ఆడింది నేను, అతనికి ఏ పాపమూ తెలియదు. టీకొట్టు మామ గ్లాసు కడగడం ఆపి నన్ను చూశాడు. "సూడండ్రప్పా, దోస్తు పరువు పోతాందని నింద మీదేసుకుంటాండాడు" అన్నాడు. "ల్యా మామా, నిజంగానే చెప్తాండా!" అన్నాను. "అదే గదా నీ గొప్పతనం!" అని ఇంకొకడు. నేను ఎంత మొత్తుకుంటే అంత మంచివాణ్ణయ్యాను. ఫ్లెక్సీ కింద మిగిలిపోయిన మాల ఒకటి తెచ్చి నా మెడలో వేశారు. నా జీవితంలో పైసా కల్తీ లేకుండా చెప్పిన మాట అదొక్కటే. దానికి సందులో ఒక్క గిరాకీ కూడా దొరకలేదు. అతను మిషను ముందు నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. నవ్వలేదు.

నాలుగు రోజులు చెక్క ఖాళీగా ఉంది. గరిటె అటు లేవలేదు. ఐదో రోజు మధ్యాహ్నం సందులో పోతుంటే "మామా" అని పిలిచాడు. ఫోను నా చేతిలో పెట్టాడు.

"సదువు. ఉండేది ఉన్నట్టు."

చదివాను. కొత్త సినిమా తీస్తున్నారు, అంతవరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత నాలుగు వరుసలు నాకు ఎక్కలేదు. హీరో గుర్రం మీద నుంచి పడిన సంగతి ఒకటి తయారై నాలుక చివరి దాకా వచ్చింది. మంచి సంగతి, కాలు కూడా విరిగింది. మింగేశాను.

"ఈడ నుంచి నాకు అర్థం కాలేదు, అల్లుడూ."

అతను నన్నే చూశాడు. భుజాలు కాదు, మొహం.

"ఎన్నాళ్ళ నుంచి అర్థం కావడం లేదు?"

"మొదటి నుంచీ. సగం."

సూదులు నోట్లో ఉన్నాయన్నది మరిచి నవ్వబోయి, గబగబా తీసేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత సుద్ద తీసుకుని బయటికి పోయాడు. ఏం రాస్తున్నాడో చూసి చెయ్యి పట్టుకున్నాను.

"అదంతా రాయాల్నా? నీ ఇంగ్లీషు సంగతి గూడా?"

"ఉండేది ఉన్నట్టు మామా" అని చెయ్యి విడిపించుకున్నాడు.

టీకొట్టు మామ దగ్గరికి వచ్చి, కళ్ళు చిట్లించి, సందంతా వినేలా చదివాడు: "కొత్త సినిమా తీస్తున్నారు. ఎప్పుడు వచ్చేదీ తెలియలేదు. ఇంగ్లీషు నాకు రాదు, చదివిపెట్టే కండక్టరు మామకు సగమే వచ్చు. పోయిన వార్త ఆయన కల్పించింది."

ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు. "ఓహో, అట్లనా" అని ఎవరి గ్లాసు వాళ్ళు అందుకున్నారు. నేను మొత్తుకుంటే మాల వేసిందే గానీ నమ్మని బజారు, ఆ నీలం అక్షరాలను టీ చల్లారేలోగా నమ్మేసింది.